డాంగు అడవిలో వడ్లగింజంత మొక్క

గడచిన శ్రావణమాసమున సూరతు నగరమందలి మా అక్కగారి యింటికి పోయితిని. నేతపనికై వెళ్లిన మన తెలుగు కుటుంబములు అనేకము ఆ నగరమున స్థిరపడి యున్న సంగతి సోదరీమణులు ఎరుగుదురు. మా అక్క కుమార్తె అచ్చట వృక్షశాస్త్రము చదువుచున్నది. ఆ బాలిక ఈ చదువునకు పూనుకొన్నపుడు "ఆకులను, గడ్డిని చూచుటకు కళాశాల ఎందుకే?" అని పరిహసించినవారిలో నేనును ఒకతెను. ఆ మాట నేను మరచితిని, అది మరువలేదు. "పిన్నీ, ఒక్కరోజు నాతో డాంగు అడవికి రా. తరువాత నీ యిష్టం వచ్చినట్లు నవ్వుకో" అని పట్టుబట్టినది. కాదనలేకపోయితిని. పెరటిలో నాటుటకు ఏదేని అడవి మొక్క దొరకకపోవునా అని ఒక రేకుడబ్బాను కూడ సంచిలో వేసికొంటిని.

డాంగు జిల్లా గుజరాతు రాష్ట్రమునకు ఆగ్నేయ మూలను, సహ్యాద్రి కొండల ఉత్తరపు కొసను ఉన్నది. బిలిమోరా నుండి వఘయి వరకు గాయక్వాడు ప్రభువుల కాలమున వేసిన 63 కిలోమీటర్ల సన్నరైలు మార్గము గలదు గాని, మేము మోటారులోనే పోయితిమి. వఘయి దాటిన తోడనే కొండదారి మొదలిడినది. ఇరుప్రక్కల టేకుచెట్లు, వెదురుపొదలు. ప్రతి మలుపునను వాననీరు నల్లని రాళ్లమీదుగా దూకుచుండెను. ఆ వాలులలో నాగ్లి చేలు పచ్చగా నుండెను. నాగ్లి యనగా మరేమియు గాదు, మన రాగులే. భిల్లులు, కుకణీలు, వార్లీలు ఈ సీమవాసులు. శ్రీరాముడు శబరి యొసగిన ఫలములను ఆరగించిన చోటు తమ సుబీరు గ్రామము దాపుననే యున్నదని వీరు చెప్పుదురు. మన భద్రాచల ప్రాంతమున శబరి పేర ఒక నదియే కలదు గదా! ఆ భక్తురాలిని తమదానిగా చెప్పుకొనని అడవి యున్నదా యనిపించినది.

జిల్లాకు ముఖ్యపట్టణమగు ఆహ్వా చేరి, అచ్చటినుండి కాలినడకను అడవిలోనికి పోయితిమి. ఈ కొండలు ఇంచుమించు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట భూగర్భమునుండి పొంగి గడ్డకట్టిన నల్లరాతివి. వేసవిలో మాడిపోయిన ఆ రాళ్లు వానకు పాచిపట్టి పచ్చని పట్టువలె ఉండెను. రాతి నెఱ్ఱెలలో మొలచిన ఆకులను మా బాలిక ఒక్కొక్కటే చూపినది. నెమలి తురాయివలె విచ్చుకొన్నది మయూరశిఖ. నల్లని సన్నకాడలకు అర్ధచంద్రాకారపు ఆకులు గలది హంసపాది. మన వైద్యులు వాడు ఈ రెండును ఫెర్ను జాతివేయని నేను అంతవరకు ఎరుగను. ఫెర్నులు పూయవు, కాయవు, విత్తులు కట్టవు. దుమ్మువంటి సిద్ధబీజములను గాలికి విడిచి వంశము నిలుపుకొనును. భూమిపై తొలి పూవు విచ్చుకొనక పూర్వమే ఇవి యున్నవట.

అంతట అది మోకాళ్లపై కూర్చుండి, రాతిగుంటలోని పిడికెడు మన్నును వ్రేలితో చూపినది. నాకు పాచి తప్ప మరేమియు కానరాలేదు. భూతద్దము నిచ్చినది. అప్పుడు ఒక చిన్న ఆకు, దానినుండి నిక్కిన సన్నని యీనె యొకటి కనబడెను. ఆ యీనెకు ఇరువైపులను ముత్యములు గుచ్చినట్లు వరుసగా తిత్తులుండెను. పాము నాలుక చాచినట్లున్నందున ఈ జాతికి గ్రీకు మాటలతో ఓఫియోగ్లాసమ్ అని పేరు పెట్టిరి.

ఈ జాతిలో ఒక క్రొత్త మొక్కను మితేశ్ పటేల్, ఎం. ఎన్. రెడ్డి అను శాస్త్రజ్ఞులు ఈ ఆహ్వా అడవులలోనే కనుగొని, 2018వ సంవత్సరమున లోకమునకు తెలిపిరి. దాని పేరు ఓఫియోగ్లాసమ్ మాల్వియే. పొడవు 1 సెంటీమీటరు మాత్రమే; వడ్లగింజకంటె ఏమంత పెద్దది గాదు. నేలపై పెరుగు ఫెర్నులలో లోకమున కెల్ల ఇదియే చిన్నదని వారు ప్రకటించిరి. ఇది తొలకరి వానలతో మొలచును. దీని సిద్ధబీజములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచి, తక్కిన జాతులతో పోల్చిన మీదటనే ఇది వేరని తేల్చిరి.

"ఇది అదేనా?" అని ఆతురతతో అడిగితిని.

"చెప్పలేను పిన్నీ. ఇదే జాతిలో మరొక దాని పిల్లయైనా కావచ్చు. కంటితో చూచి తేల్చే పని కాదు" అనినది. తెలియనిదానిని తెలియదని చెప్పగల ఆ నిదానము నాకు నచ్చినది.

ఇంకను చెప్పినది. ఈ పామునాలుక మొక్కల బాల్యదశ మట్టిలోపలనే గడచునట. వెలుతురు లేక, పచ్చదనము లేక, ఒక విధమగు శిలీంధ్రము తెచ్చియిచ్చు ఆహారముతో అది బ్రదుకును. ఈ కుటుంబమునందే మరొక జాతి మొక్కకు ఒక్కొక్క కణమునందు 1,200కు పైగా క్రోమోజోములు కలవు. మనుష్యులకున్నవి 46 మాత్రమే! అల్పమని మనము త్రొక్కిపోవు దానిలో ఎంత గ్రంథము వ్రాయబడి యున్నదో చూచితిరా?

నేను రేకుడబ్బా పైకి తీసితిని. మా బాలిక నా చేయి పట్టుకొన్నది. "ఆ శిలీంధ్రం లేనిచోట ఇది బ్రతకదు. పెరికితే పోయేది ఒక్క ఆకు కాదు, దాని వెనుక చీకటిలో గడచిన కాలమంతా" అనినది. డబ్బాను మరల సంచిలో పెట్టితిని.

ఆ సమయముననే వెదురుబుట్ట తలకెత్తుకొని ఒక వృద్ధస్త్రీ ఆ దారిని వచ్చి, మేము వెదకుచున్నది కూరయా, మందా అని అడిగినది. రెండును గాదు, ఊరక చూచుచున్నామని మా బాలిక గుజరాతీలో చెప్పినది. ఆమె నవ్వినది, సరిగా నేను నవ్వినట్లే. పిదప ఏమి తోచెనో, బుట్ట దించి మా సరసన కూర్చుండి భూతద్దమునకై చేయి చాచినది. చాలసేపు చూచినది. లేచి పోవునపుడు ఆ రాతిగుంటను త్రొక్కక, చుట్టు తిరిగి పోయినది.

తిరుగు ప్రయాణమున మా బాలిక నా భుజముపై తల వాల్చి నిద్రపోయినది. "ఇక నవ్వను తల్లీ" యని దాని చెవిలో అంటిని. విన్నదో లేదో తెలియదు.

సోదరీమణులారా! వానకాలమున మన నూతిగట్టు రాళ్లకును పాచి పట్టును. దానిని గోకివేయుటకు మునుపు ఒక్క నిమిషము వంగి చూడుడు. ప్రక్కనే నిలిచి మీ ఆడబిడ్డ యేదైన అడిగినచో, నావలె పరిహసింపకుడు.