చీపురు పట్టిన కెప్టెన్

మన హాస్టల్లో పాటలు కట్టే కుర్రాళ్లు ముగ్గురున్నారు. మూడోవాణ్ణి నేను. పరీక్షలు దగ్గరపడేకొద్దీ మా మధ్య ఒక మాట వస్తూ ఉంటుంది: ఈ చదువుకో దణ్ణం పెట్టి పాటతోనే బతికితేనేం? అప్పుడు ఎవడో ఒకడు క్రిస్ క్రిస్టాఫర్‌సన్ పేరెత్తుతాడు. ఎత్తినవాడు సగం కథే చెబుతాడు. మిగతా సగం కోసమే ఈ నాలుగు ముక్కలు.

ఆయన 1936లో అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టాడు. తండ్రి వైమానిక దళంలో మేజర్ జనరల్. కొడుకు రోడ్స్ స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు సాహిత్యం చదివి, సైన్యంలో చేరి, హెలికాప్టర్లు నడిపి కెప్టెనయ్యాడు. 1965లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో సాహిత్యం చెప్పే ఉద్యోగం చేతికందితే కాదని నాష్‌విల్‌కు మకాం మార్చాడు. అక్కడి పల్లెజనం గిటారు మీద పాడుకునే కంట్రీ పాటలకు ఆ ఊరే రాజధాని. ఇంటివాళ్లు తెగతెంపులు చేసుకున్నారు. కొలంబియా స్టూడియోలో నేల ఊడ్చే పని దొరికింది. 1966లో బాబ్ డిలాన్ అక్కడ రికార్డు చేస్తుంటే మన కెప్టెన్‌గారు సిగరెట్ పీకలు ఎత్తిపోస్తున్నారు.

మావాళ్లు ఇక్కణ్ణుంచి ఒక్క దూకు దూకి హాలీవుడ్‌లో తేలతారు. మధ్యలో కొన్నేళ్లున్నాయి మరి! పెళ్లాం బిడ్డల్ని పోషించడానికి ఆయన లూసియానాలో పైలట్‌గా కుదిరాడు. కొన్నాళ్లు మెక్సికో సింధుశాఖలోని చమురు రిగ్గులకు మనుషుల్ని చేరవేయడం, మరి కొన్నాళ్లు నాష్‌విల్‌లో పాటలు పట్టుకుని గుమ్మాలు తిరగడం. పేరు తెచ్చిన పాటలు కొన్ని ఆ రోజుల్లోనే పుట్టాయి. జానీ క్యాష్ పెరట్లో హెలికాప్టర్ దింపిన కథ అందరికీ ఇష్టం. చేతిలో బీరుసీసాతో దిగాడని క్యాష్ చెప్పుకునేవాడు. అప్పుడసలు క్యాష్ ఇంట్లోనే లేడని క్రిస్టాఫర్‌సన్ అనేవాడు. ఏదైతేనేం, 1970లో ఆయన పాట క్యాష్ గొంతులో మారుమోగింది. 'మీ అండ్ బాబీ మెగీ'ని జానిస్ జాప్లిన్ పాడింది. ఆమె చనిపోయాక 1971లో అది మొదటి స్థానానికెక్కింది. ఆయన సొంత గొంతు మాత్రం, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బొంగురు.

సినిమాల్లో నిలదొక్కుకున్నది ఆ గొంతుతో, ఆ గడ్డంతోనే. 1976 నాటి 'ఎ స్టార్ ఈజ్ బార్న్'కి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. 1980లో 'హెవెన్స్ గేట్' ఘోరంగా దెబ్బతింది. దాంతో హీరోగా ఆయన జోరు తగ్గింది. 1996లో 'లోన్ స్టార్'లో లంచగొండి షెరీఫ్‌గా మళ్లీ మెరిశాడు. నాకు నచ్చిన వేషం అదే. 2024లో, 88వ ఏట పోయాడు. ఎన్ని వేషాలు వేసినా నా లెక్కలో ఆయన పంట పాటే; సినిమా అంతరపంట.

నా మనసులో నాటుకున్నది ఆ పైలట్ లైసెన్సు. పాట పండని నాడు కూడు పెట్టింది అదే. నా చేతిలో ఏముంది? ఈ ఏడుతో పూర్తయ్యే బియ్యస్సీ, మా నాయన మూడెకరాల మెట్ట. పోయినేడు నా మెస్సు బిల్లుకని ఆయన వేరుశనక్కాయ ధర పలక్కముందే అమ్మేశాడు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఆయనకు 'ఫార్మ్ ఎయిడ్' సంగతి చెప్పాను. 1985 సెప్టెంబరులో ఇల్లినాయ్‌లో, అప్పుల్లో మునిగిన రైతుల కోసం విల్లీ నెల్సన్ వగైరాలు పెట్టిన కచేరీ అది. క్రిస్టాఫర్‌సన్ కూడా పాడాడు.

"పాటతో అప్పు తీరిందా?" అన్నాడు నాయన.

తీరలేదు గాని, రైతుల భూములు జప్తు కాకుండా అడ్డుపడే చట్టమొకటి 1987లో వచ్చిందనీ, దాని వెనక ఆ పాటగాళ్ల ఒత్తిడి కూడా ఉందనీ చెప్పాను. ఆయన పశువులకు మేత వేసి వచ్చి కూర్చున్నాడు.

"బాగుంది. ఎమ్మెస్సీ ఫారాలు ఎప్పుడిస్తారంట?"