ఫేస్‌లిఫ్టు: ముందూ వెనకా

ఫేస్‌లిఫ్టు అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి, పాత కారుకి కొత్త బంపరు తగిలించి కంపెనీవాళ్ళు అమ్మే మోడలు. రెండోది, నవ్వినా ముడత పడని హాలీవుడ్ మొహాలు. నేను చెప్పబోయేది ఈ రెండూ కాదు, మా అక్క సంగతి.

అక్కకి 57 ఏళ్ళు. న్యూజెర్సీలో టెస్టింగ్ లీడు. సుగరుకని డాక్టరు రాసిన ఇంజెక్షన్లతో ఏడాదిన్నరలో 27 కిలోలు తగ్గింది. సుగరు దారికొచ్చింది, మోకాళ్ళు తేలికపడ్డాయి, మొహం మాత్రం జారిపోయింది. బరువు తొందరగా తగ్గితే బుగ్గల్లో కొవ్వు కరుగుతుంది గానీ, అప్పటిదాకా సాగిన చర్మం ఆ వయసులో పూర్తిగా వెనక్కి రాదు. వీడియో కాల్లో రోజుకొకరు "ఒంట్లో బాలేదా?" అని అడగడం మొదలెట్టారు. "చిన్నపిల్లలా కనపడాలని కాదురా, రోగిష్టిదానిలా కనపడకూడదని" అంది నాతో.

మన వాళ్ళ సంగతి తెలుసు కదా. "ఈ వయసులో ఈ సోకులేంటి?" అన్నారు. అన్నవాళ్ళలో జుట్టుకి రంగు వెయ్యనివాళ్ళు ఒక్కరూ లేరు! నన్నడిగితే, చేయించుకోవాలా వద్దా అన్నది ఆ మొహం ఎవరిదో వాళ్ళే తేల్చుకోవాలి. కాకపోతే ఏం కొంటున్నామో ముందు తెలియాలి. బావగారికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి, తోడుండే డ్యూటీ నాకు పడింది. అక్కడ చూసిందీ, డాక్టర్ని విసిగించి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఇంతకీ ఏం చేస్తారు? పూర్వం ఉత్త చర్మం పట్టుకుని లాగేవారు. గాలిలో ఎదురు నడుస్తున్నట్టుండే ఆ బిగుసుకుపోయిన మొహాలు దాని ఫలితమే. చర్మం కింద, కండరాల మీద ఇంకో పొర ఉంటుంది. దాన్ని స్మాస్ అంటారు. 1976లో మిట్జ్, పేరోనీ అనే ఫ్రెంచి డాక్టర్లు దాన్ని వివరంగా వర్ణించారు. ఇప్పుడు చెవి ముందు నుంచి చెవి వెనక జుట్టులోకి కోతపెట్టి, ఆ పొరని పైకెత్తి బిగించి, మిగిలిన చర్మం కత్తిరించి కుడతారు. మూడు నుంచి ఐదు గంటల పని. దవడ, మెడ, బుగ్గల కింది భాగం బాగుపడతాయి. నుదురు, కనురెప్పలు, పెదాల చుట్టూ ఉండే సన్నగీతలు దీని స్కోపులో లేవు. ఇన్సూరెన్సు మామూలుగా పైసా ఇవ్వదు. పోనీ శాశ్వతమా అంటే అదీ కాదు, సుమారు ఏడు నుంచి పదేళ్ళు.

ఇక రిస్కులు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది చర్మం కింద రక్తం గడ్డకట్టడం. ఇది చాలావరకు మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళకీ, మగవాళ్ళకీ ఎక్కువ. చెవి తమ్మెకి స్పర్శనిచ్చే నరం దెబ్బతినొచ్చు. మొహాన్ని కదిపే నరం దెబ్బతింటే పెదవి వంకరపోతుంది. చాలావరకు తాత్కాలికమే, అరుదుగా శాశ్వతం. పొగతాగేవాళ్ళకి చెవి వెనక చర్మం చచ్చిపోయే ప్రమాదం బాగా ఎక్కువ, అందుకే కనీసం నాలుగు వారాల ముందు మానెయ్యమంటారు. మన రంగు చర్మానికి మచ్చలు లావెక్కే గుణం కొంచెం ఎక్కువ, అదీ అడగాలి. ఇవి కాక మత్తు. 'ది ఫస్ట్ వైవ్స్ క్లబ్' నవల రాసిన ఒలీవియా గోల్డ్‌స్మిత్ 2004 జనవరిలో న్యూయార్కులో గడ్డం కింద చర్మం సరిచేయించుకోవడానికని వెళ్ళి, మత్తు వికటించి చనిపోయింది. అరుదే, కానీ దీనికి రోల్‌బ్యాక్ లేదు.

వేసుకునే ప్రతి మందూ, విటమిన్‌తో సహా, చెప్పాల్సిందే. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావం పెంచుతాయి. అక్క వాడే ఇంజెక్షను కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి మత్తు డాక్టరుకి అది తెలిసితీరాలి. ఏది ఆపాలో డాక్టరు చెప్పాలి, మనం ఆపెయ్యకూడదు.

సాయంత్రానికి ఇంటికి పంపేశారు. తలచుట్టూ కట్టు, రెండు పక్కలా సన్న గొట్టాలు, తల ఎత్తుగా పెట్టి పడక. రాత్రి రెండింటికి అక్క కుడి బుగ్గ నొప్పి అంది. లైటేసి చూస్తే కుడివైపు ఎడమకన్నా బాగా ఉబ్బి, రాయిలా గట్టిగా ఉంది. రెండువైపులా సమానంగా వాస్తే మామూలే, ఒకవైపే నొప్పితో ఉబ్బితే ఆగకుండా ఫోన్ చెయ్యమని ముందే చెప్పారు. చేశాను. సర్జనే ఎత్తాడు. గంటలో అక్కడున్నాం. కుట్లు కొన్ని విప్పి రక్తం తీసేసి మళ్ళీ కుట్టారు. అది అలాగే తెల్లారేదాకా ఉంటే పైనున్న చర్మానికి రక్తం అందక చచ్చిపోయేదట. ఆ రెండు గంటలూ బయట కుర్చీలో కూర్చుని, అమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచించాను.

తర్వాతంతా ఓపిక. మూడోరోజుకి వాపు పతాకస్థాయి, అద్దం దగ్గరకి పోకపోవడమే మంచిది. వారం పదిరోజుల్లో కుట్లు తీశారు. కమిలిన మచ్చలు తగ్గడానికి రెండు వారాలు పైనే పట్టింది. బరువులు, వ్యాయామం నెల దాటాకే. మధ్యలో "ఎందుకు చేయించుకున్నానురా" అని ఒక రోజంతా ఏడ్చింది. ఆ దిగులు చాలామందికి వస్తుందని నర్సు చెప్పింది. అసలు రూపు తేలడానికి ఆరునెలలు, మచ్చలు కలిసిపోవడానికి ఏడాది.

డాక్టర్ని ఎంచుకునేప్పుడు బోర్డు మీద "కాస్మెటిక్" అని ఉంటే సరిపోదు. అమెరికాలో ప్లాస్టిక్ సర్జరీ బోర్డో, ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ బోర్డో పాసయ్యారా, మన దగ్గరైతే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా చూడండి. ఆపరేషన్ కోసమని ఇండియా వచ్చేవాళ్ళు కుట్లు తీసిన మర్నాడే విమానం ఎక్కేలా టిక్కెట్లు కొనకండి.

ఎనిమిది నెలలైంది. అక్క ఇప్పుడు అలసిపోయినట్టు లేదు, మా అక్కలాగే ఉంది. కాల్లో ఎవరూ ఏమీ అడగడంలేదు. కుడి చెవి తమ్మెకి మాత్రం ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు. దిద్దు జారిపడినా తెలియక మొన్నొకటి పోగొట్టుకుంది. "మళ్ళీ అయితే చేయించుకుంటావా?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, "చేయించుకుంటానేమో. కానీ ఆ రాత్రి పక్కన ఎవరూ లేకుండా మాత్రం కాదు" అంది.

మీరెవరైనా ఆ ఆలోచనలో ఉంటే, డాక్టరు సంగతి ఎలాగూ చూసుకుంటారు. మొదటి రాత్రి నిద్ర మానుకుని పక్కనుండే మనిషిని కూడా ముందే చూసుకోండి.