కూనూరు వెళ్ళే ముందు ఒకసారి మౌలాలి ఎక్కండి

మల్కాజ్‌గిరి నుంచి ఒక సోదరి రాశారు: "డాక్టరు గారూ! వానాకాలంలో కొండల మీది ఊళ్ళు చూడ్డానికి ఎంతో బాగుంటాయట. ఊటీ, కూనూరు వెళ్ళి పది రోజులు ఉండి వద్దామని మా వారి కోరిక. ఆ ముసురులో పిల్లలకు జబ్బు చేస్తుందేమోనని నా భయం. వెళ్ళవచ్చా?"

నిక్షేపంగా వెళ్ళండమ్మా. స్వెట్టర్లూ, గొడుగులూ, కాచి చల్లార్చిన నీళ్ళూ మరిచిపోకండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పే పిల్లలుంటే బయలుదేరే ముందు మరీ ఎక్కువగా తినిపించకండి. వానలో తడిస్తే జలుబు చేస్తుందని మన పెద్దవాళ్ళు అంటారు గాని, జలుబు తెచ్చేది వైరస్, వాన కాదు. తడిసిన తల తుడుచుకుని, పొడిబట్టలు కట్టుకుంటే సరిపోతుంది.

అయితే ఒక మాట. కూనూరు నుంచి మన తార్నాకకు వచ్చి స్థిరపడ్డ పెద్ద సంస్థ ఒకటుంది, తెలుసా? 1918లో మెకారిసన్ అనే దొరగారు కూనూరులో బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి ఒకే ఒక్క గదిలో పరిశోధన మొదలుపెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. చిత్రమేమంటే, దానికి పొరుగున ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ 1918లోనే! కొండ ఊరి చలువను వదిలి అంతటివాళ్ళే ఇటు వచ్చారు గదా, మీరూ ఒక వానాకాలం ఇక్కడే తిరిగి చూడరాదా అని నా మనవి.

నేను చాలా ఏళ్ళుగా పొద్దున్నే యూనివర్సిటీ ఆవరణలో నడుస్తాను. మృగశిర కార్తె మొదలుకొని హస్త దాకా ఆ చోటు వారానికో రంగు మారుతుంది. ఎండాకాలమంతా వెలవెలబోయిన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాళ్ళు వాన పడగానే ముదురు రంగు తేలతాయి. ఆరుద్రలో ఎర్రమన్ను మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. మఖమల్ ముక్కల్లా ఉంటాయే, అవే. పిల్లలను కూర్చోబెట్టి కాళ్ళు లెక్కపెట్టించండి. ఎనిమిది! అంటే అది సాలెపురుగు బంధువన్నమాట. పొదల వెనక నెమలి అరుస్తుంది. రోడ్డంతా నేరేడు పండ్ల మరకలే. గిజిగాడు గూడు అల్లుతుంటే నిలబడి చూశానంటే ఇంట్లో కాఫీ చల్లారిపోవలసిందే. భాద్రపదం వచ్చేసరికి తంగేడూ, గునుగూ విచ్చుకుంటాయి. బతుకమ్మకు ఇంకెంతో దూరం లేదని అవే చెబుతాయి.

అందులో తెల్లటి చిన్నచిన్న పూలతో వయ్యారిభామ కూడా ఏపుగా పెరుగుతుంది. ఉబ్బసం, చర్మం దురద ఉన్నవాళ్ళు దాని దగ్గరకు పోకండి. ఉత్త చేతులతో పీకకండి. వాన వెలిశాక మొలిచిన పుట్టగొడుగులు చూసి ఆనందించండి, ఇంటికి మాత్రం తేకండి.

ఇక కొండ కావాలంటారా? తార్నాక నుంచి లాలాపేట మీదుగా పోతే మౌలాలి గుట్ట. కూనూరు ఆరు వేల అడుగుల ఎత్తున ఉంటే ఇది సుమారు రెండు వేలు. అందులోనూ చాలా భాగం హైదరాబాదు నేల ఎత్తే! దర్గా మెట్లు నెమ్మదిగా ఎక్కండి. ఛాతీలో బరువుగా అనిపిస్తే అక్కడే కూర్చోండి, మళ్ళీ ఎక్కబోకండి. కిందికి వచ్చాక ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. పైనుంచి చూస్తే మల్కాజ్‌గిరి ఇళ్ళు, రైలు పట్టాలు, వాటి మధ్య మిగిలిన పచ్చదనం కనిపిస్తాయి. కాళ్ళ కింద ఉన్నది రెండు వందల యాభై కోట్ల ఏళ్ళనాటి రాయి. ఆ బండల గుంటల్లో వాననీళ్ళు నిలుస్తాయి. వాటి దగ్గర వంగి చూడండి. తూనీగలు వాలుతుంటాయి, కప్పపిల్లలు తిరుగుతుంటాయి, ఒక్కోసారి దోమ పిల్లలూ ఉంటాయి.

మలేరియా దోమ పిల్ల నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. డెంగ్యూ తెచ్చే దోమ పిల్ల తల కిందులుగా, ఏటవాలుగా వేలాడుతుంది. ఇది చూడటానికి యంత్రాలేమీ అక్కరలేదు, ఓపిక చాలు. మన ఊళ్ళోనే, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అదీ వానాకాలమే. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో చెబుతాను, వినండి.

2019 వానాకాలం. తొమ్మిదేళ్ళ మా మనవరాలు వరండాలో మనీప్లాంటు సీసా ముందు కూర్చుని, "తాతయ్యా! నీళ్ళలో ఏవో డాన్సు చేస్తున్నాయి, చూడవూ" అంది. నేను వాకింగుకు బయలుదేరుతున్నాను. "చేపపిల్లలేమోలే" అనేసి వెళ్ళిపోయాను. ఆ పొద్దున గిజిగాడి గూడు ముందు పావుగంట నిలబడ్డట్టు నాకు బాగా గుర్తు.

రెండు వారాలు తిరిగేసరికి పిల్లకు జ్వరం. కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళు నొప్పులు. పారాసిటమాల్ మాత్రమే ఇచ్చాం. ఇలాంటి జ్వరంలో ఆస్పిరిన్, ఇబుప్రొఫేన్ ఇవ్వకూడదు, రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. నాలుగో రోజు జ్వరం దిగింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం అప్పుడే కాళ్ళు వణికాయి. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగాకనే. సాయంత్రానికి కడుపునొప్పి, ఆగని వాంతులు, పిల్ల మగతగా పడుకుంది. ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్చాం. బొప్పాయి ఆకు రసం పోయమని ఇరుగుపొరుగు చెప్పారు. దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయలేదు. రెండు రోజులు సెలైను ఎక్కించారు. మూడో రోజు "ఇడ్లీ కావాలి" అని అడిగింది.

ఇంటికి వచ్చాక సీసా ఎత్తి చూశాను. అవి తల కిందులుగా వేలాడుతూనే ఉన్నాయి.

కనుక సోదరీ, కూనూరు ప్రయాణం కట్టే ముందు మీ ఇల్లు ఒకసారి చుట్టి రండి. కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింది పళ్ళేలు, డాబా మీద పాత టైరు, మూతలేని డ్రమ్ము చూడండి. గుడ్డు దోమగా ఎగరడానికి వారం, పది రోజులు చాలు. మీరు వచ్చేసరికి ఇల్లు దోమలతో నిండి ఉంటుంది. వారానికొకసారి, శుక్రవారమైతే గుర్తుంటుంది, నీళ్ళన్నీ పారబోసి, పాత్రల లోపలి అంచులు గట్టిగా తోమండి. ఆ దోమ గుడ్లు గోడకు అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. ఇది పగలు కుట్టే దోమ. పిల్లలకు బడికి నిండు చేతుల చొక్కాలు వేయండి.

మొన్న మనవరాలితో మౌలాలి ఎక్కాను. ఇప్పుడు నాకంటే ముందే ఎక్కేస్తోంది. బండగుంట దగ్గర వంగి, "తాతయ్యా, ఇవి అడ్డంగా ఉన్నాయి" అంది. ఈసారి నేనూ కళ్ళద్దాలు సర్దుకుని పక్కన కూర్చున్నాను.