పటేలు కారు సీటు

నేను సర్కారు బడి పంతులును. లెక్కలు చెప్త. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే, నెల తిరిగేసరికి జీతం అందుకున్న మొదటోన్ని గూడ నేనే. నాకు ముప్ఫై ఏడేండ్లు. ఈ వయసుల నేను బొమ్మకార్లు చేస్త. పిల్లలు ఆడుకునేటివి కావు. అసలు కారును ఇరవై నాలుగో వంతుకు కుదించి, స్టీరింగు, సీటు, తలుపు, తలుపు పిడి, అద్దం తుడిచే పుల్ల ఒక్కొక్కటి చేత్తోని చేసి కూర్చే కార్లు. ఇప్పటికి పూర్తయింది ఒక్కటే. తెల్ల అంబాసిడర్. ఆ కారు గురించి, దాని సీటు గురించి, ఆ సీటు కాడ నేను ఆడిన ఒక అబద్ధం గురించి ఇక్కడ చెప్పుకోవాలె.

మాది శేరిలింగంపల్లి మండలంల ఒక ఊరు. ఇప్పుడు ఊరంటే ఎవరూ నమ్మరు. చుట్టూ అద్దాల మేడలే. నా చిన్నప్పుడు మా మాదిగవాడ వెనక జొన్నచేన్లుండె. కోత అయినంక పిల్లలందరం జొన్నదంట్లు ఏరుకొచ్చి, పైతొక్క చీల్చి ఈనెలు తీసి, లోపలి బెండును ముక్కలు కోసి, ఆ ఈనెలతోనే గుచ్చి బండ్లు చేసేటోల్లం. అందరూ ఎడ్లబండి చేస్తే నేను మోటరు చేసేటోన్ని. నాకు తెలిసిన మోటరు ఒక్కటే. పటేలు అంబాసిడర్.

మా నాయిన చెప్పులు కుడ్తడు. మా తాత లందల తోలు ఊనేటోడు. సున్నం, తంగెడు చెక్క, ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కుల ఉంది. నాయిన కాలానికి లంద పోయింది గని ఆరె, రంపె, గూటం మిగిలినయి. ఊరందరి కాళ్లకు చెప్పులు కుట్టేది మేము. పటేలు ఇంటి ముంగట పోయేటప్పుడు ఆ చెప్పులు ఇడిచి చేతుల పట్టుకునేది గూడ మేమే. కాలం మారింది, ఇప్పుడు ఎవరూ ఏమనరు అని వాడకట్టు పోరగాండ్లు చెప్పినా నాయిన అలవాటు మానలే. ఆ గోడ రాంగనే ఆయన కాళ్లు వాటంతటవే ఆగేటివి.

1996ల అనుకుంట, నేను మూడో తరగతి. పటేలు కారు ముందు సీటు చినిగింది. నాయినను పిలిపిచ్చిండ్రు. కారుల కూసోని కుట్టొద్దు గద, డ్రైవరు సీటు ఊడదీసి చింతచెట్టు కింద ఏసిండు. నాయిన ఆరె పట్టుకొని కుడ్తున్నడు. నేను దారానికి మైనం రాసి ఇస్తున్న. మధ్యల లేచిపోయి కారుల తొంగిచూసిన. సీటు లేని కారు! కింద ఇనుప రేకు, సీటు బిగిచ్చే పట్టీలు, మూడు పెడళ్లు, స్టీరింగు కాడి నుంచి కిందికి దిగిన కడ్డీ. అంతకుముందు నేను కారును బయటి నుంచి చూసిన. ఆనాడు దాని ఎముకలు చూసిన. ముట్టుకోలే. డ్రైవరు చూస్తున్నడు.

పొద్దుగూకేసరికి సీటు కొత్తదాని లెక్క అయింది. డ్రైవరు దానిమీద రెండు చెంబుల నీళ్లు చల్లి, బట్టతోని తుడిచి, అప్పుడు లోపల పెట్టిండు. కూలి అడిగితే "కల్లంకాడ చూద్దాంలే" అన్నడు పటేలు. ఇంటికొచ్చేటప్పుడు నేను అడిగిన, "నాయినా, నువ్వు కుట్టినవ్ గద, ఒకసారి కూసోకపోయినవా?" అని. నాయిన నా నెత్తి మీద ఒక్కటి పీకిండు. బాట పొడుగూత మాట్లాడలే.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌ల సైబర్ టవర్స్‌ను ప్రారంభించిండు. మేం పిల్లలం రోడ్డు మీద పోయే కార్లు లెక్కపెట్టుకుంట నిలబడ్డం. ఆ తర్వాత భూముల కథ మీకు తెలిసిందే. పటేలు అమ్ముకొని కోటీశ్వరుడయిండు. అమ్ముకునే భూమి మాకు లేదు. చింతచెట్టు ఉన్న జాగల ఇప్పుడు ఒక కంపెనీ కార్లు భూమిలోపలికి దిగే వాలు దారి ఉంది. నాయిన పెట్టె ఊర్లకెల్లి లేచి ఫ్లైఓవర్ స్తంభం కిందికి వచ్చింది. ఇప్పుడు ఆయన కాడికి చెప్పుల కంటె లాప్‌టాప్ బ్యాగుల జిప్పులే ఎక్కువ వస్తయి.

నేను హాస్టల్‌ల చదివి, బీఈడీ చేసి, 2012 డీఎస్సీల కొలువు కొట్టిన. కార్ల పిచ్చి మల్ల లేచింది బడిలనే. ఏడో తరగతికి నిష్పత్తి పాఠం చెప్తున్న. పిల్లలకు ఎక్కుతలేదు. అంబాసిడర్ కొలతలు బోర్డు మీద రాసిన. పొడుగు 4,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,662, ఎత్తు 1,593. "ఇరవై నాలుగుతోని భాగించుండ్రి" అన్న. 180, 69, 66 వచ్చినయి. ఒక పిల్ల లేచి, "సార్, గప్పుడు కారు నా కంపాస్ పెట్టెల పడ్తదా?" అని అడిగింది. పొడుగుకు పడ్తది, ఎత్తుకు పట్టది అని తేల్చినం. ఆనాడు క్లాసు మొత్తానికి నిష్పత్తి అర్థమయింది. నాకు మాత్రం నిద్ర పట్టలే. చెయ్యాలె అనిపిచ్చింది.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా తీసుకొని హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తరపారల 1957 నుంచి ఈ కారు చేసిండ్రు. 2014 మే నెలల ఆపేసిండ్రు. మంత్రులు, కలెక్టర్లు, పటేండ్లు తిరిగిన కారు ఇప్పుడు తుక్కు దుకాండ్లల్ల దొరుకుతది. అట్లాంటి దుకాన్ల ఒకదాన్ని పట్టుకొని రెండు ఆదివారాలు టేపుతోని కొలిచిన. ఎవరూ వద్దనలే. డ్రైవరు సీట్ల కూసోని గూడ చూసిన. స్ప్రింగులు గుచ్చుకున్నయి.

నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె తెచ్చి ముందు అచ్చు చెక్కిన. దానిమీద నూనె డబ్బా రేకు పరిచి చిన్న కట్టె సుత్తెతోని కొట్టిన. అంబాసిడర్ ఒంటి మీద తిన్నని గీత దొరకది, అంతా ఉబ్బులే. మడ్‌గార్డు కాడ రేకు ముడత పడ్తది, సాగదీస్తే చినుగుతది. మూడు బాడీలు చెత్తల పోయినయి. నాలుగోదాన్ని ముక్కలు ముక్కలుగ కొట్టి, టంకం పెట్టి కలిపి, సందులల్ల లప్పం నింపి గరుకు కాయితంతోని రుద్దిన. పాత హవాయి చెప్పు రబ్బరును 27 మిల్లీమీటర్ల చక్రాలు కోసి, బ్లేడుతోని గాళ్లు పెడితే టైర్లయినయి. గోళీల పట్టీ మీది బుడుపులు హెడ్‌లైటు అద్దాలయినయి. కాలిపోయిన ఫ్యాను మోటరు రాగితీగ స్టీరింగయింది. తలుపులు నాలుగూ తెరుచుకోవాలె అని పట్టుబట్టిన. తెరుచుకోని తలుపు పెట్టుడు అల్కగుండె. కుట్టుమిషను సూది మొన కంటె సన్నగ ఉండే మడతబందుల కోసమే రెండు నెలలు పట్టింది.

ఇది నేనొక్కన్నే కనిపెట్టిన విద్య కాదు. ఇంగ్లండుల జెరాల్డ్ వింగ్రోవ్ అనే ఆయన 1:15 కొలతల, చక్రం ఊచలతో సహా చేత్తోని చేసి పేరు తెచ్చుకున్నడు, పుస్తకం రాసిండు. మన బహదూర్‌పురలనే, జూ పార్కు కాడ, సుధాకర్ యాదవ్ చేసిన కార్ల మ్యూజియం 2010 నుంచి ఉంది. వంకాయ లెక్క, క్రికెట్ బంతి లెక్క, ఎత్తు మడమ బూటు లెక్క కార్లు చేసిండు ఆయన, అన్నీ నడుస్తయి. బడి పిల్లలను తోల్కపోయినప్పుడు నాయినను గూడ తీస్కపోయిన. ఆ బూటు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "కుట్టు ఏడ పడాల్నో తెల్సినోడే చేసిండు" అన్నడు. నా కారును చూసి మాత్రం ఒక్క మాట అనలే. అన్నది ఒకేసారి, "చేస్తె చేసినవ్ గని, దొర కారే దొరికిందారా నీకు?" అని.

సీటు కాడ నేను ఓడిపోయిన. రెక్సిన్ పెడితే పరుపు లెక్క కనిపిస్తున్నది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఇరవై నాలుగు రెట్లయితే 36 మిల్లీమీటర్లు. అంత మందం తోలు ఏ కారు సీటుకుంటది? లెక్క నాకు తెలుసు, చెయ్యి తెల్వది. నాయిన చానసేపు చూసి, "తోలు మందం తియ్యాలె" అన్నడు. మేక తోలు ముక్కను తడిపి రాయి మీద పరిచి, రంపెను పడుకోబెట్టి తన దిక్కు కాకుండ అవతలికి తోసుకుంట చెక్కిండు. ఒక కంటికి పొర ఆపరేషన్ అయింది. కంటితోని కాదు, బొటనవేలితోని చూస్తడు ఆయన. వేలు కింద తోలు ఉల్లిపొర లెక్క అయింది. నేను కొలిస్తే 0.3 మిల్లీమీటర్లు ఉంది. కుట్లు ఎట్ల అని అడిగిన. "గంత సన్నం కుట్టు పడది. కుట్టినట్టు కనబడాలె, గంతే" అని స్టవ్వు పిన్నుతోని వరుసగ పొడిచిండు. ఒక్క పోటు గూడ పక్కకు జరగలే. యాభై మిల్లీమీటర్ల ముందు సీటు. 1996ల చింతచెట్టు కింద కుట్టిన సీటే, అదే మోస్తరు గీతలు.

నా పాత శిష్యుడొకడు ఒక కంపెనీల పని చేస్తడు. వాళ్ల టవర్‌ల ఉద్యోగులు తమ తమ ఇష్టపు పనులన్నీ ఒకరోజు ప్రదర్శనకు పెట్టుకున్నరు. "సార్, మీ కారు తేండ్రి" అని పిలిచిండు. కారును బట్టల మధ్య పెట్టుకొని పోయిన. కింద ఫ్లైఓవర్ స్తంభం కాడ నాయిన పెట్టె ముంగట కూసోని ఉన్నడు. చెయ్యి ఊపి లోపలికి పోయిన. అక్కడ చానమంది కార్లు పెట్టిండ్రు. జపాను తమియా ప్లాస్టిక్ పెట్టెలు కొనుక్కొచ్చి అతికినవి. నున్నగ, మెరుసుకుంట ఉన్నయి. నా కారు కాడ గుంపయింది. తలుపులు తెరిచి చూపిస్తుంటె నాకు గర్వమయింది.

ఒకాయన వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపల చూసిండు. "లెదర్ వర్క్ అద్భుతంగా ఉందండీ. ఎక్కడ చేయించారు?" అన్నడు.

మా నాయిన చేసిండు అనే మాట నాలిక మీదికొచ్చింది. దాని వెనక వచ్చే ప్రశ్నలు గూడ వరుసగ కనిపిచ్చినయి. మీ ఫాదర్ ఏం చేస్తారు? ఏ ఊరు? మీరేమిట్లు? కిరాయి ఇండ్లు అడగబోయినప్పుడు ఇట్లనే మొదలయ్యేటిది. మూడో ప్రశ్నకు ఎదుటి మనిషి మొఖంల జరిగే మార్పు నాకు తెలుసు. ఆయన మొఖంల జరుగునో జరగకపోవునో నాకు తెల్వది. నేను ఆయనకు ఆ అవకాశమే ఇయ్యలే.

"ఆన్‌లైన్‌ల తెప్పిచ్చిన" అన్న.

"లింక్ పంపిస్తారా?" అని నా నంబరు తీసుకున్నడు.

నేను ప్రతి ఏప్రిల్ 14న బడిల అంబేద్కర్ ఫోటోకు దండేసి, మీరు ఎవరో దాచుకోవద్దు అని పిల్లలకు చెప్పే పంతులును. ఆనాడు డ్రైవరు సీటు మీద రెండు చెంబుల నీళ్లు చల్లి నాయిన చెయ్యిని కడిగేసిండు. ఇరవై తొమ్మిదేండ్లకు నేను నీళ్లు గూడ లేకుండ కడిగేసిన. పటేలు మీద ఉన్న కోపం అంత అల్కగ నా మీదికి మళ్లుతదని ఎన్నడూ అనుకోలే.

రాత్రి నాయిన అడిగిండు, "ఏమన్నర్రా నా సీటును?" అని. "మంచిగుందన్నరు" అన్న. అది నిజమే. గని అది గూడ అబద్ధమే.

పదిహేను దినాలు మోసిన. ఒకనాడు బడి కాంగనే ఫ్లైఓవర్ కిందికి పోయి, పెట్టె పక్కన కూసోని మొత్తం చెప్పిన. నాయిన ఒక బ్యాగు జిప్పు కుడ్తున్నడు. కుట్టుడు ఆపలే. జిప్పు అయినంక రెండుసార్లు ఇటూ అటూ లాగి చూసి, "ఆ సారు బూట్లు గూడ ఎప్పుడో ఒకనాడు నా కాడికే వస్తయి తియ్యి" అన్నడు. కోపమా, నవ్వా నాకు తెల్వలే. ఇప్పటికీ తెల్వది.

రెండు దినాలకు ఒక అగ్గిపెట్టె నా చేతుల పెట్టిండు. తెరిస్తే చెప్పులు. తోలు చెప్పుల జత, ఒక్కొక్కటి పదకొండు మిల్లీమీటర్లు. మనిషి పాదాన్ని ఇరవై నాలుగుతోని భాగిస్తే అంతే వస్తది. నేను లెక్క చెప్పలే, ఆయన కొలవలే. బొటనవేలి పట్టీ గూడ ఉంది.

"కారు లోపల పెట్టు. బయట ఇడువొద్దు" అన్నడు.

పెడళ్ల కాడ పెట్టిన. ఇప్పుడు ఆ కారు మా బడి సైన్సు గదిల అద్దాల బీరువాల ఉంది. కింద కాయితం మీద రాసి పెట్టిన: బాడీ, తలుపులు, చక్రాలు నావి. సీట్లు, చెప్పులు మా నాయినవి. ఆయన పేరు రాసిన, చెప్పులు కుట్టే వృత్తి అని గూడ రాసిన. నిష్పత్తి పాఠం వచ్చినప్పుడు తలుపు తెరిచి చూపిస్త. చెప్పులు లోపల ఎందుకున్నయి సార్ అని పిల్లలు అడుగుతరు. ఆ జవాబు చెప్పేసరికి పిరీడు అయిపోతది.

ఆ కంపెనీ సారు లింక్ కోసం నాకు రెండుసార్లు మెసేజ్ పెట్టిండు. నేను జవాబియ్యలే. ఈ పుస్తకం అచ్చయినంక ఈ నాలుగు పేజీలే ఆయనకు పంపుత. ఆ తోలు పని చేసినాయన ఆయన ఆఫీసు ముంగట, ఫ్లైఓవర్ స్తంభం కింద, పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడేదాక ఉంటడు.