ఏరు తెచ్చిన కట్టె

చెంచోళ్లకు బొమ్మలు చేసే విద్య లేదంటారు. విల్లంబులు, తేనె దింపే తాళ్లు, వెదురు బుట్టలు, అంతవరకే మా చేతిపని అని లెక్క కడతారు. కొండపల్లికి తెల్లపొనికి ఉంది. ఏటికొప్పాకకు అంకుడు కర్ర, లక్క రంగులు ఉన్నాయి. కడప వైపు శెట్టిగుంటలో చెక్కశిల్పులున్నారు. నల్లమల గూడేల్లో పాఠాలు చెప్పే మాకు, మా బడి పిల్లలకు ఏముందంటే, ఏరు తెచ్చిపెట్టిన కట్టె ఉంది. కొన్నేళ్లుగా దానితోనే బొమ్మలు చేసి రంగులేస్తున్నాం.

వానాకాలంలో కృష్ణ, తుంగభద్ర, భవనాశి కొమ్మల్నీ వేర్లనీ ఈడ్చుకొచ్చి శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పడేస్తాయి. ఎండాకాలానికి నీళ్లు వెనక్కిపోతే అవన్నీ ఒడ్డు బురదలో మిగులుతాయి. మెత్తటి భాగాన్ని నీళ్లు తినేసి, గట్టి భాగాన్ని వదిలేస్తాయి. అందుకే ఏటికట్టె చేతికి నున్నగా తగులుతుంది. నీళ్లలో నానిన కట్టె పనికిరాదని పిల్లలంటే సంగమేశ్వరం సంగతి చెబుతాం. ఆ గుడిలో లింగం రాతిది కాదు, వేపమానుది. ఏడాదిలో ఎక్కువ నెలలు గుడితో పాటు నీళ్ల కిందే ఉంటుంది. నీళ్లు దిగాక మళ్లీ పూజలందుకుంటుంది. గాలి తగలకుండా మునిగి ఉన్న కట్టె తొందరగా చెడదు. తడుస్తూ ఆరుతూ ఉంటేనే చెడుతుంది. సైన్సు పాఠం అక్కడే మొదలవుతుంది.

కట్టె దొరికిన రోజే ఉలి పట్టం. మూడు నాలుగు నెలలు నీడన ఆరబెడతాం. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. కొబ్బరిపీచుతో మట్టి, ఇసుక రుద్ది, పుచ్చిన చోట గీకేస్తాం. నెర్రెల్ని చింతగింజల జిగురులో రంపపొట్టు కలిపి పూడుస్తాం. కొండపల్లిలో దీన్ని మక్కు అంటారు. ఆ పని వాళ్లను చూసి నేర్చుకున్నదే. పైన సుద్ద పూత, అది ఆరినాక రంగు. ఎరుపుకు జాజు, తెలుపుకు సున్నం, నలుపుకు బొగ్గు, పసుపుకు మోదుగపూలు. రంగు అంటుకోవడానికి తుమ్మబంక. చాలనివి అంగట్లో కొంటాం.

ఇందులో కష్టమైనది చూడటం. కట్టెను వీలైనంత తక్కువ కొయ్యాలి, అది మా నియమం. అందుకని పిల్లలు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి కొట్లాడుకుంటారు.

"ఇది ఉడుము సార్, తోక చూడండి."

"ఉడుమేందిరా, తలకిందులు చెయ్. అడివిపంది."

మసక వెలుతురులో జంతువు జాడ పట్టిన కన్ను, కొండచరియలో తేనెపట్టు ఎక్కడుందో కిందనుంచే కనిపెట్టిన కన్ను మా పెద్దలది. పరీక్షల్లో ఆ కంటికి మార్కులు లేవు. ఏటికట్టె ముందు కూర్చున్నప్పుడు మాత్రం చదువులో వెనకబడ్డాడనుకున్న పిల్లోడే ముందుంటాడు.

గూడెంలోని అవ్వలు వచ్చి కూర్చుంటే పని ఇంకో రకంగా సాగుతుంది. కట్టెను గీకి, వాసన చూసి, "ఏరుమద్ది వేరు నాయనా ఇది, తెలీడంలా?" అంటారు. నారయేపి, చిరుమాను, నేరేడు, కానుగ అని ఒక్కోదానికి పేరు పెట్టి చెబుతారు. హాస్టళ్లలో పెరిగిన మా పిల్లలకు టేకు, వేప తప్ప మిగతావన్నీ ఉత్త కట్టెలే. అడవిలోకి పోక తగ్గితే ముందు పోయేది ఈ పేర్లే. అందుకే ప్రతి బొమ్మ అడుగున మూడు మాటలు రాయిస్తాం: చెట్టు పేరు, కట్టె దొరికిన చోటు, చేసిన పిల్లల పేరు. ఉడుము, కొండముచ్చు, నెమలి, ఎలుగు అన్నీ చేస్తాం. గారెలమైసమ్మను మాత్రం చెయ్యం. ఆమెకు రాయి, చెట్టు చాలు.

ఇది మా ఒక్కరి పిచ్చి కాదు. రవీంద్రునికి వరసకు అన్న కొడుకైన అవనీంద్రనాథ్ ఠాగూర్ గొప్ప చిత్రకారుడై ఉండి కూడా చివరి ఏళ్లలో ఎండుకొమ్మలు, వేర్లు ఏరుకుని బొమ్మలు చేశాడు. వాటిని కుటుం కటం అన్నాడు. అలాస్కాలో చెట్లు మొలవని తీరాన బతికే యూపిక్ ఆదివాసులు యూకాన్, కుస్కోక్విమ్ నదులు తెచ్చిన కట్టెతోనే ముఖాలు చెక్కి, రంగులేసి ఆటల్లో కట్టుకున్నారు. మంచుదేశం వాళ్లకీ మాకూ కట్టె తెచ్చి ఇచ్చింది ఏరే.

అయితే ఏరు తెచ్చింది ఎవరిది? కొట్టుకొచ్చిన కలప, ఒడ్డున చిక్కిన కలప ఎవరైనా తమదని రుజువు చేసుకునేదాకా ప్రభుత్వానిదేనని అటవీ చట్టం అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు, కంప, చెట్ల మోడులు కూడా చేర్చి, వాటిని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు మాకుందంటుంది. ఈ రెండు మాటల మధ్య మా పిల్లల సంచి ఉంది. ఒకచోట ఆ సంచి దింపించి వెతికారు కూడా. అందులో ఉన్నది కానుగ వేరు, రెండు తుమ్మకొమ్మలు.

కడప వైపు ఇంకా జాగ్రత్త కావాలి. శేషాచలం, లంకమల వంకల్లో ఎర్రచందనం ముక్క కనబడొచ్చు. దాని చేవ బరువుకి నీళ్లలో తేలదు, ఇసుకలో కూరుకుని ఉంటుంది. గీకితే ఎర్రగా కనబడిన కట్టెను అక్కడే వదిలెయ్యమని పిల్లలకు మొదటి రోజే చెబుతాం. బొమ్మ కోసం ఎత్తుకొచ్చిన ముక్క నాయన మీద కేసయ్యే కాలం ఇది. ఇంకో నియమం చెయ్యేటి ఒడ్డున యానాది వాడల్లో పనిచేసే మా తోటి టీచర్లు చెప్పింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు వరదలో మాన్లే కాదు, ఇండ్ల వాసాలు, ద్వారబంధాలు కూడా కొట్టుకుపోయాయి. మేకు గుర్తున్న కట్టె, ఉలి పడిన కట్టె బొమ్మకు తీసుకోం. అది ఎవరిదో ఇల్లు.

బడి చూడవచ్చిన ఒకాయన, "ఇట్లాంటివి ఎవరు కొంటారు? కొండపల్లి బొమ్మల్లాగా ఒకే అచ్చున చేయించండి" అన్నాడు. ఏరు ఒకే అచ్చున కట్టె తేదు. అమ్ముడుపోతే సంతోషమే, ఆ డబ్బుతో కుంచెలు కొంటాం. మేము అడిగేది అంతకన్నా చిన్నది. నీళ్లు దిగినప్పుడు పిల్లలు పెద్దలతో కలిసి ఒడ్డుకు పోయి కట్టె ఏరుకునేందుకు గ్రామసభ తీర్మానం చేస్తే, దాన్ని అటవీ సిబ్బంది గుర్తించాలి. ప్రతి గూడెం బడిలో బొమ్మలకు ఒక అలమర, చెట్ల పేర్లు చెప్పే అవ్వలకు, తాతలకు నెలకు ఒక పూట జీతమిచ్చే పీరియడ్ ఉండాలి. మా బడి అలమరలో ఇప్పటికి పదకొండు చెట్ల పేర్లున్నాయి. ఈ ఎండాకాలం నీళ్లు దిగగానే మళ్లీ పోతాం.