పాసుపుస్తకంలో లేని పేరు

మగదిక్కు లేని సంసారాలు ఎట్లా నడుస్తున్నాయో చూద్దామని కడప జిల్లా కమలాపురం మండలంలో ఓ పల్లెకు పోయాను. పక్కన పాపాఘ్ని ఏరు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. 2021 నవంబరు వరదకు మాత్రం కమలాపురం దగ్గర వంతెనే కూలిపోయింది. ఇక్కడి సేద్యం ఈ రెంటి మధ్యే సాగుతుంది.

ఓ ఇంటి ముందు కడప బండలు పరిచిన అరుగు మీద నలుగురు ఆడవాళ్లు విత్తనం శనక్కాయలు వలుస్తున్నారు. కాయ ముక్కు నేలకేసి కొట్టి, బొటనవేలితో చీల్చి, గింజ మీది ఎర్రపొర చెదరకుండా తీయాలి. పొర చెదిరితే మొలక సరిగా రాదని పక్కన పడేస్తారు. కూలి కిలోకింత అని. వాళ్లలో ఒకామె బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. భర్త అప్పులతో పోయి ఏళ్లవుతోంది. ఉన్న పొలం ఇంకా మామ పేరు మీదే ఉంది, దున్నేది బావ. పంట వచ్చిన ఏడు ఆమె ఇంటికి రెండు మూడు మూటల శనగలు పంపుతాడు.

భర్త వాటా అడగలేదా అన్నాను.

"చేనడిగితే మా బావ మళ్ల ఈ గడప తొక్కడక్కా. రేపు పిల్ల పెండ్లికి ఎవురు నిలబడతారు?"

నాకు ఈ మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. చట్టం ఆమె వైపే ఉంది. భర్త ఆస్తిలో భార్యకు బిడ్డలతో సమానంగా వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఆడబిడ్డలకు పుట్టింటి ఆస్తిలో హక్కు మన రాష్ట్రం 1986లోనే తెచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. కానీ ఆమెకు పొలం ఎంత ఆస్తో, బావ అండ కూడా అంతే ఆస్తి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి. తెలియక ఊరుకోలేదామె, లెక్క వేసుకునే ఊరుకుంది. ఆమెకు చట్టాల మీద అవగాహన లేదని సభల్లో మాట్లాడేవాళ్లు ఒక్కసారి ఈ అరుగు మీద కూర్చోవాలి.

పేరు లేకపోతే పోయేది పొలం ఒక్కటే కాదు. పంట రుణం, బీమా, పెట్టుబడి సాయం అన్నిటికీ పాసుపుస్తకమే మూలం. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు పరిహారం ఇవ్వడానికి 2004లో 421 జీవో వచ్చింది. పొలం తండ్రి పేరు మీద ఉండి కొడుకు పోతే, ఆ కొడుకు రైతేనని అధికారుల ముందు రుజువు చేసుకునే భారం కోడలి మీద పడింది.

పక్కనున్న ఇంకొకామె కోరుకు, అంటే పంటలో వాటా ఇచ్చే లెక్కన, చేను చేస్తోంది. కౌలు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం ఉండాలి. ఆయన పెట్టడు. ఆమె బాధ అది కూడా కాదు. వాన పడ్డ మర్నాడు ట్రాక్టరు ముందు మగవాళ్ల చేలకు పోతుంది, ఈమె వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. "పదును నాకోసం ఆగుతాదా?" అంది. దున్నకం, మందు కొట్టడం, మూటలు మోయించడం, అన్నీ డబ్బిచ్చి చేయించుకోవాలి. అదే నేల, అదే వాన, మిగిలేది మాత్రం తక్కువ.

కువైట్ పోయిన భర్త నుంచి కబురే లేని ఒక ముస్లిం ఆడమనిషి ప్రొద్దుటూరు దుకాణాల చీరలకు ఫాల్ కుడుతోంది. వితంతువుకు మరణ ధ్రువపత్రం ఉంటుంది, 2024 జులై నుంచి నెలకు 4 వేల పింఛను వస్తోంది. ఈమె భర్త చావలేదు, తలాఖ్ ఇవ్వలేదు. వదిలేసి పోయాడని ఏ కాగితం చెబుతుంది?

వీళ్లందరికీ సొంత పేరుతో ఉన్నది డ్వాక్రా పుస్తకం. దాన్ని నేను తక్కువ చేయను. వడ్డీ వ్యాపారి గడప ఎక్కకుండా చాలామందిని కాపాడింది. అయితే అది అప్పు పుస్తకం. కూలి దొరికినా దొరక్కపోయినా నెల కాగానే కంతు కట్టాలి. మొదటామె సంఘంలో తీసుకున్న అప్పులో కొంత బావ బోరు మోటారుకు పోయింది. కంతు ఈమె కడుతోంది, నీళ్లు మామ పేరున్న చేనుకు పారుతున్నాయి.

భర్త పోయాక పొలం పేరు మారాలంటే ఆమె కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తిరగాలి, అత్తింటివాళ్లను ఒప్పించాలి, అర్జీ తనే పెట్టుకోవాలి. అడిగినందుకు శత్రువయ్యేది తనే. పంచాయతీలో మరణం నమోదైన రోజే పేరు మార్పు పని దానంతటదే రెవెన్యూకు చేరేటట్లు చేస్తే, ఆమె ఎవరినీ అడగనక్కర లేదు, ఎవరితోనూ పగ పెట్టుకోనక్కర లేదు. పొలం బావే దున్నుకోవచ్చు. అప్పుడు ఇంటికి వచ్చే శనగ మూటలు ఆయన దయ కావు, ఆమె కోరు.