రుషికుల్య ఒడ్డున మా స్కౌట్లు

వానలు వెనకబట్టి, దసరా దీపావళి హడావుడి సద్దుమణిగాక బరంపురంలో మా స్కౌటు దళానికి అసలు సంవత్సరం మొదలవుతుంది. పిల్లలు ఇరవై నలుగురు, పెట్రోళ్లు మూడు. సగానికి పైగా తెలుగిళ్ల వాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, క్రికెట్ ఆటలో హిందీ. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు మాత్రం ఇద్దరో ముగ్గురో. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేదని చెబితే పురాణం విన్నట్టు వింటారు. 2024 నవంబరు నుంచి 2025 ఏప్రిల్ వరకు వీళ్లతో తిరిగిన తిరుగుళ్ల గురించి ఈ నాలుగు మాటలు.

మొదటి క్యాంపు ఛత్రపురం పక్కనున్న తంపర సరస్సు గట్టున. వెదురు బొంగులను తాళ్లతో కట్టి పిల్లలు ఒక బల్ల తయారుచేశారు. దానిమీద మొదట కూర్చున్నవాణ్ణి నేనే, మొదట కిందపడ్డవాణ్ణీ నేనే. అన్నం అడుగంటింది. బరంపురం అప్పడాలు మా పరువు కాపాడాయి.

డిసెంబరులో మహేంద్రగిరి ఎక్కాం. ఎత్తు 1501 మీటర్లు. పాండవుల పేరిట, కుంతి పేరిట రాతి గుళ్లున్న కొండ. రాజేంద్ర చోళుని విజయ శాసనం కూడా అక్కడే ఉంది. కుంతి గుడి చూసి బయటికి వచ్చేసరికి పదడుగుల అవతల మనిషి కనబడనంత మంచు కమ్మింది. ఇంకొంచెం ఎక్కుదామని నాకే ఉబలాటం. పద్నాలుగేళ్ల పెట్రోల్ లీడరు మాత్రం, "వద్దు సార్, చిన్నవాళ్లున్నారు, దిగిపోదాం" అన్నాడు. దిగిపోయాం. భీముడి గుడి బాకీ పడింది.

నేను ముఖ్యంగా చెప్పదలచింది సముద్రపు సంగతి.

గంజాం ఊరి దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2024లో మాత్రం మందగా రానే లేదు. ఈసారైనా రావాలి, జాలర్లకు నచ్చజెప్పాలి, అదే మన సేవాకార్యం అని జనవరిలో పిల్లలచేత అట్టలు రాయించాను. ఒడియాలో, ఎర్ర రంగుతో, 'తాబేళ్లను కాపాడండి' అని. ఒక్కొక్క అట్టకు ఒక్కొక్క వెదురు కర్ర. హుమ్మా ఉప్పు మడులు దాటి బస్సు దిగి, పొడంపేట వైపు ఇసుకలో బారులు తీరి నడిచాం.

పాత పొడంపేటను సముద్రం కోసేసింది. ఊరు వెనక్కి జరిగింది. మొండి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ గోడ నీడలో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఈ తీరంలో ఒడియావాళ్లు నోలియాలనే జాలర్లు చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే. మావాళ్లు స్కౌటు పద్ధతిలో ఎడమచేయి చాపారు. ఆయన కంగారుపడి, "ఎడం సెయ్యేటి బాబూ?" అన్నాడు. పిల్లలు నాలిక కరుచుకుని దణ్ణం పెట్టారు.

"ఆ అట్టల మీద ఏటి రాసినారు?"

"తాబేళ్లను కాపాడండి అని, తాతా."

"మాకా సెప్తన్నారు?" అని నవ్వాడు. కోపం లేని నవ్వు. అందుకే మరీ గుచ్చుకుంది. "మా అయ్య కాలం నుంచీ వల్లో పడితే దణ్ణం పెట్టి ఒదిలేస్తన్నాం. కూర్మావతారం గదా బాబూ. పెద్ద మరబోట్ల వలల్లో ఊపిరాడక సస్తాయి అవి. ఆళ్లకి సూపండి మీ అట్టలు."

ఆయన అన్నది నిజమే. తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాలరు వలలో చిక్కితే పైకి రాలేదు. అందుకే నవంబరు 1 నుంచి మే 31 వరకు రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేటను ప్రభుత్వం నిషేధించింది. పెద్ద బోట్ల మాట ఎలా ఉన్నా, ఇప్పుడు చిన్న పడవలకూ ఇంజన్లే. వాటికీ ఏడు నెలలు కట్టుబాటే.

మా అందరిలోకీ చిన్నవాడు, పదకొండేళ్లవాడు, అడిగాడు: "మరి ఏడు నెలలు ఏం తింటారు తాతా?"

ఆయన సూది ఆపలేదు. "మనవడు కేరళ ఎల్లినాడు, ఆడ బోట్లలో కూలికి. ఆడు పంపితే తింటాం."

పిల్లలు నా వంక చూశారు. అట్టలు రాయించిందీ, రోడ్డు నుంచి ఇంతదూరం మోయించిందీ నేనే. ఏం చెప్పాలో తోచలేదు. ఒకడు అట్టను తిరగేసి ఇసుకలో పెట్టాడు. మిగతావాళ్లూ అలాగే పెట్టారు.

ఆ మౌనంలోనే పెట్రోల్ లీడరు హఠాత్తుగా, "సార్, షీట్ బెండ్!" అని అరిచాడు. చూద్దును కదా, వలకన్ను వలకన్నుకీ ఆయన వేస్తున్నది మా స్కౌట్లు నెల రోజులు కుస్తీపట్టి నేర్చుకునే ముడే. ఆయనకు ఆ పేరు తెలియదు. సముద్రం వైపు చూస్తూనే వేసేస్తున్నాడు. పిల్లలు చుట్టూ చేరారు. ఆ పూట మా పాఠం ఆయనే చెప్పాడు. మధ్యాహ్నం వాళ్ల కోడలు పిల్లలకు చద్దన్నం, ఉల్లిపాయ పెట్టింది. మావాళ్లు దాన్ని పఖాళ అన్నారు. ఆమె రెండు పేర్లూ ఒప్పుకుంది.

వెళ్లేముందు, మేం చేయగల పనేమైనా ఉందా అని అడిగాను. ఇసుకలో కూరుకుపోయిన చినిగిన నైలాను వలలు తీసేయమన్నాడు. ఒడ్డెక్కిన తల్లి తాబేళ్లు వాటిలో చిక్కుకుంటాయట. రెండు ఆదివారాలు తవ్వాం. పదకొండు బస్తాలయ్యాయి.

ఫిబ్రవరిలో తాబేళ్లు వచ్చాయి. 2025లో రుషికుల్య ఒడ్డున గుడ్లు పెట్టినవి ఆరున్నర లక్షలకు మించాయని అటవీ శాఖవారి లెక్క. వాళ్ల అనుమతితో ఒక రాత్రి దూరంగా కూర్చుని చూశాం. దీపం లేదు, మాట లేదు. వెనక కాళ్లతో ఇసుక చిమ్ముతున్న చప్పుడే నాలుగు వైపులా. ఒక్కో తల్లి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, వెనుదిరిగి చూడకుండా నీళ్లలోకి పోతుంది.

ఏప్రిల్‌లో, పరీక్షలయ్యాక, మళ్లీ వెళ్లాం. పిల్లలు బయటపడే రోజులు. గుడ్డు పగిలి ఇసుకలోంచి వచ్చిన బుల్లి తాబేలు వెలుతురున్న దిక్కుకే నడుస్తుంది. సముద్రం మీది వెలుగు దానికి దారి. ఊరి దీపాలు ఎక్కువైతే అటే పోయి కుక్కలకో, తెల్లవారితే కాకులకో చిక్కుతుంది. ఊరివైపు పోకుండా అడ్డంగా వల కట్టాలన్నారు అటవీ శాఖవారు. వల ఉంది గానీ ఒకచోట గుంజలు చాల్లేదు. తాత గోడమూలకు వెళ్లి, జనవరిలో మేం వదిలేసిన అట్టల కర్రలు తెచ్చాడు. అట్టలు వానకు ఎప్పుడో నానిపోయాయి. కర్రలు పాతి, పిల్లలే వల బిగించారు. క్యాంప్ ఫైర్ దగ్గర చెవులు చిల్లులు పడేలా పాడే ఇరవై నలుగురు ఆ రాత్రి నాలుగు గంటలు గొంతు విప్పలేదు. వల దగ్గర ఆగిపోయిన వాటిని బుట్టల్లోకి తీసి, సముద్రానికి పది అడుగుల ఇవతల ఇసుకమీద వదిలారు.

స్కౌటు లాగ్‌బుక్కులో ఏ విద్య ఎవరు నేర్పారో రాయమంటాను. ఇంటికి వచ్చాక మా చిన్నవాడి పుస్తకం చూశాను. షీట్ బెండ్‌కి ఎదురుగా, ఒడియా అక్షరాల్లో, తెలుగు మాటల్లో ఉంది: పొడంపేట తాత.